వృషణ క్యాన్సర్: గడ్డ తగిలిన రోజు నుంచి మామూలు జీవితం దాకా

ఉత్తరాంధ్రలో వృషణం వాచిందంటే ఇంట్లోవాళ్లకైనా, ఊళ్లో ఆర్‌ఎంపీకైనా ముందు గుర్తొచ్చేది వరిబీజమే. బోదకాలు తరతరాలుగా ఉన్న ప్రాంతం కనుక ఆ ఊహలో తప్పు లేదు. చాలాసార్లు అది నిజం కూడా. ఇబ్బందల్లా మిగిలిన కొద్దిమందితోనే. పదిహేను నుంచి నలభై ఏళ్ల మధ్య వయసు మగవాడికి ఒక వృషణం నొప్పి లేకుండా గట్టిపడుతూ ఉంటే అది వరిబీజం కాకపోవచ్చు. వృషణ క్యాన్సర్ మన దేశంలో లక్షమంది మగవాళ్లలో ఏడాదికి ఒకరికి కూడా రాదు. అంత అరుదు కాబట్టే ఎవరికీ వెంటనే తట్టదు.

ఇంత బాగా మందులకు లొంగే క్యాన్సర్లు పెద్దవాళ్లలో చాలా తక్కువ. వృషణం దాటకముందే పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. ఊపిరితిత్తుల దాకా పాకాక మొదలుపెట్టినా ఎక్కువమంది బయటపడతారు. 1974లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్‌ను వేరే మందులతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టాక ఈ జబ్బు తీరే మారిపోయింది. క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు ఊపిరితిత్తుల మధ్య వచ్చిన కణితి కూడా ఈ కుటుంబానిదే. వృషణంలో పుట్టే బీజకణాల నుంచి వచ్చే రకం అది, చోటు మాత్రం వేరు. 2012లో ఐన్‌హార్న్ దగ్గరే చికిత్స చేయించుకుని, అదే ఏడాది సెప్టెంబర్ 8న మన విశాఖ టీ20తో ఆయన మళ్లీ మైదానంలోకి దిగాల్సింది. వానకు ఒక్క బంతీ పడలేదు. మూడు రోజుల తరవాత చెన్నైలో ఆడాడు.

కాబట్టి మందు లేదనే భయం అక్కర్లేదు. ఆలస్యం చేయడం, పనులు వరస తప్పి చేయడం, ఈ రెండే ఈ జబ్బులో ఎక్కువ నష్టం తెస్తాయి. కింద రాసినదంతా ఆ వరస గురించే.

ముందు మీ చేతికి ఏం తగలాలి

నెలకోసారి వేడినీళ్ల స్నానం అయ్యాక చూసుకోండి. అప్పుడు సంచి వదులుగా ఉంటుంది. ఒక్కో వృషణాన్ని బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య పెట్టి మెల్లగా దొర్లించండి. మామూలుగా అయితే ఒలిచిన ఉడికిన గుడ్డులా నున్నగా, కాస్త మెత్తగా ఉంటుంది. వెనక భాగంలో మెత్తటి తాడులాంటిది తగులుతుంది. అది వీర్యనాళానికి సంబంధించినది, గడ్డ కాదు. చాలామంది దాన్ని చూసే భయపడి వస్తారు. ఒక వృషణం రెండోదానికన్నా కాస్త పెద్దదిగా, కిందికి ఉండటం కూడా మామూలే.

అనుమానించవలసినవి ఇవి: వృషణం మీదే గట్టిగా తగిలే గడ్డ, అది బియ్యపు గింజంతే అయినా సరే. నెల రోజుల్లో సంచిలో వచ్చిన బరువు. గజ్జల్లో, పొత్తికడుపులో తగ్గని లాగుడు. రొమ్ములు వాచి ముట్టుకుంటే నొప్పి పెట్టడం (కొన్ని కణితులు హార్మోను విడుదల చేయడం వల్ల ఇలా అవుతుంది). కుర్రాడికి కారణం లేని నడుంనొప్పి వారాల తరబడి ఉంటే వృషణాలను కూడా చూడాలి. కడుపు వెనక భాగంలోని లింఫు గ్రంథులు పెరిగితే నొప్పి అక్కడే తెలుస్తుంది. చిన్నప్పుడు వృషణం కిందికి దిగక ఆపరేషన్ అయినవాళ్లకీ, అన్నకో తండ్రికో ఈ జబ్బు వచ్చినవాళ్లకీ ముప్పు ఎక్కువ. దెబ్బ తగలడం వల్ల ఈ క్యాన్సర్ రాదు. హస్తప్రయోగం వల్ల రాదు, అంటుకోదు. దెబ్బ తగిలాక చేత్తో చూసుకుంటే అప్పటికే ఉన్న గడ్డ బయటపడుతుంది, అంతే.

టార్చిలైటు పరీక్షను నమ్ముకోకండి. వరిబీజంలో నీరు వెలుగులో ఎర్రగా మెరుస్తుంది, నిజమే. కానీ కణితి చుట్టూ కూడా నీరు చేరవచ్చు, అప్పుడు వెలుగు కనిపించి లోపలి గడ్డ దాక్కుంటుంది. నొప్పి, జ్వరం ఉంటే డాక్టర్లు ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ కోర్సు రాస్తారు. అది సబబే. రెండు వారాలకు వాపు పూర్తిగా తీయకపోతే మూడో కోర్సు, నాలుగో కోర్సు అంటూ పోకుండా స్కానింగ్ అడగండి.

ఆపరేషన్‌కు ముందు నాలుగు పనులు

మొదటిది వృషణాల డాప్లర్ అల్ట్రాసౌండ్. పది నిమిషాల పని, నొప్పి ఉండదు. గడ్డ వృషణం లోపల ఉందా బయట ఉందా అన్నది దాదాపు తేలిపోతుంది. లోపల ఉన్న గట్టి గడ్డ క్యాన్సరే అనుకుని ముందుకు పోవాలి.

రెండోది రక్తపరీక్షలు: ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్. వీటిని కణితి గుర్తులు అంటారు. ఆపరేషన్ కన్నా ముందే చేయించి, అంకెలు రాసి పెట్టుకోవాలి. తీసేశాక ఆ అంకెలు ఎలా దిగుతున్నాయన్నదే లోపల ఇంకా ఏమైనా మిగిలిందా అన్న విషయం చెబుతుంది. ఏఎఫ్‌పీ సగం కావడానికి 5 నుంచి 7 రోజులు, హెచ్‌సీజీ సగం కావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఉదాహరణకు ఆపరేషన్ రోజు ఏఎఫ్‌పీ 800 ఉంటే వారానికి 400, రెండు వారాలకు 200 దగ్గరకు రావాలి; సుమారు ఆరేడు వారాల్లో మామూలు స్థాయికి చేరుతుంది. ఇంతకన్నా నెమ్మదిగా దిగినా, మధ్యలో మళ్లీ పెరిగినా ఎక్కడో జబ్బు ఉన్నట్టే. ముందు పరీక్ష చేయించకపోతే ఈ లెక్క ఎవరూ కట్టలేరు. కొందరికి గుర్తులు ముందు నుంచీ మామూలుగానే ఉంటాయి, దాంతో క్యాన్సర్ లేదని అర్థం కాదు.

మూడోది ఛాతీ, పొట్ట, కటి భాగం సీటీ స్కాన్. ఎక్కడెక్కడికి పాకిందో తెలియాలి కదా. దీన్ని ఆపరేషన్ తరవాత తీసినా నష్టం లేదు. స్కాన్ స్పష్టంగా రావడానికి కాంట్రాస్ట్ అనే మందు ఎక్కిస్తారు కనుక, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ముందే చూస్తారు.

నాలుగోది వీర్యం దాచుకోవడం. దీన్ని చాలామంది ఇంట్లో పెద్దల ముందు అడగలేక వదిలేస్తారు. అందుకే కాస్త వివరంగా చెబుతాం. కీమో మొదలయ్యాక వీర్యంలో కణాలు సున్నాకు పడిపోతాయి. చాలామందికి ఒకటి రెండేళ్లలో మళ్లీ వస్తాయి, కొందరికి రావు. ముందుగానే ఎవరికి వస్తాయో చెప్పడం కష్టం. వీలైతే ఆపరేషన్‌కు ముందే, లేకపోతే కనీసం కీమో మొదటి సెలైన్ ఎక్కకముందే వీర్యం ఇవ్వండి. రెండు మూడు రోజులు విరామం ఇచ్చి ఒక నమూనా, మళ్లీ రెండు రోజులకు ఇంకొకటి, కుదిరితే మూడోది. వాటిని ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర భద్రపరుస్తారు. విశాఖలో సంతాన సాఫల్య కేంద్రాలకు కొదవ లేదు, అయితే వీర్యం నిల్వ చేసే సౌకర్యం ఉందా, ఏడాదికి ఎంత అద్దె, ఫోన్ చేసి అడగండి. ఒక్క నమూనా ఇవ్వగలిగినా మంచిదే. పెళ్లి కాని కుర్రాడైతే తండ్రి గానీ అన్నయ్య గానీ పక్కకు తీసుకెళ్లి అడగడం మంచిది. అమ్మ ముందు అతను ఎప్పటికీ తనంతట తాను అడగడు.

కోత గజ్జల దగ్గరే

ఒక్క విషయం మాత్రమే గుర్తు పెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. వృషణ క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు సంచి మీద కోత పెట్టకూడదు, సంచిలోంచి సూది గుచ్చి ముక్క తీయకూడదు. గజ్జల్లో కోత పెట్టి, వృషణాన్ని దాని తాడుతో సహా పైకి లాగి, లోపలి వలయం దగ్గర కట్టి తీస్తారు. దీన్ని రాడికల్ ఇంగ్వైనల్ ఆర్కిడెక్టమీ అంటారు.

కారణం శరీర నిర్మాణంలో ఉంది. వృషణంలోని లింఫు పైకి, మూత్రపిండాల దగ్గరున్న గ్రంథులకు పోతుంది. సంచి చర్మంలోని లింఫు గజ్జల గ్రంథులకు పోతుంది. సంచిని కోస్తే కణితి కణాలకు కొత్త దారి తెరిచినట్టు అవుతుంది. తరవాత చికిత్సను పెంచాల్సి రావచ్చు, పరిశీలన కష్టమవుతుంది. వరిబీజం అనుకుని ఊళ్లో నర్సింగ్‌హోమ్‌లో సంచి మీద కోసేయడం, ఆ తరవాత గడ్డ కనిపించడం, ఉత్తరాంధ్రలో డాక్టర్లు ఇప్పటికీ చూసే ఇబ్బంది. అల్ట్రాసౌండ్ తీయకుండా వరిబీజం ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. పొరపాటున అలా జరిగిపోయిన వాళ్లకు కూడా చికిత్స ఉంది. ఆ సంగతి దాచకుండా క్యాన్సర్ డాక్టరుకు మొదటి రోజే చెప్పాలి.

తీసిన వృషణం మొత్తం ల్యాబుకు వెళ్లి రిపోర్టు రావాలి. కణితి రకం, కొలత, రక్తనాళాల్లోకి లింఫు నాళాల్లోకి చొచ్చుకుపోయిందా లేదా, ఇవన్నీ అందులో ఉండాలి. స్లయిడ్లు, కణితి ముక్కలున్న మైనపు దిమ్మలు మీరే అడిగి తీసుకుని ఒక డబ్బాలో ఉంచండి. పెద్ద ఆసుపత్రికి వెళ్తే వాళ్లు మళ్లీ చూస్తారు, రకం మారిందంటే చికిత్సే మారుతుంది.

ఆపరేషన్ మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేంతదే. రెండు వారాలు స్కూటర్ వద్దు, నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తవద్దు. సంచికి ఆధారంగా బిగుతుగా ఉండే లోదుస్తులు వేసుకుంటే వాపు, నొప్పి త్వరగా తగ్గుతాయి. మిగిలిన ఒక్క వృషణం మగతనానికీ, పిల్లలకీ సరిపోతుంది. ఖాళీగా ఉండటం బాధగా అనిపిస్తే సిలికాన్ వృషణం అమర్చవచ్చు. అదే ఆపరేషన్‌లో కుదురుతుందేమో ముందే అడగండి.

దశ, రకం

కణితులు రెండు జాతులు: సెమినోమా, దానికి భిన్నమైన నాన్‌సెమినోమా. సెమినోమా నెమ్మదిగా పెరుగుతుంది, రేడియేషన్‌కు కూడా లొంగుతుంది. ఏఎఫ్‌పీ పెరిగిందంటే అది ఒట్టి సెమినోమా కాదు, స్లయిడులో అలా రాసి ఉన్నా నాన్‌సెమినోమాగానే చూస్తారు. దశలు మూడే: వృషణంలోనే ఉంటే ఒకటి, పొట్ట వెనక గ్రంథులకు పోతే రెండు, ఇంకా దూరం పోతే లేదా గుర్తులు బాగా పెరిగి ఉంటే మూడు. నాలుగో దశ ఈ క్యాన్సర్‌కు లేదు.

మొదటి దశలో చాలామందికి ఆపరేషన్ తరవాత మందులు ఇవ్వకుండా కేవలం పరిశీలనలో ఉంచుతారు. ఇది నిర్లక్ష్యం కాదు. సెమినోమా అయితే సుమారు నూటికి పదిహేను నుంచి ఇరవై మందికి, నాన్‌సెమినోమా అయితే సుమారు ముప్పై మందికి మళ్లీ వస్తుంది. మళ్లీ వచ్చినవాళ్లకు కీమో ఇస్తే దాదాపు అందరికీ తగ్గిపోతుంది. అంటే మిగతావాళ్లకు మందుల బాధ తప్పించినట్టే. అయితే ఇది క్రమంగా వచ్చేవాళ్లకే సరిపోతుంది. మీరు ఏడాది తరవాత ఏ దుబాయ్‌కో ఓడ మీదకో వెళ్లిపోయేవారైతే ముందే చెప్పండి, డాక్టర్లు వేరే దారి ఎంచుతారు.

కీమో మూడు వారాల చక్రం

ఎక్కువమందికి ఇచ్చేది బీఈపీ, అంటే బ్లియోమైసిన్, ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్. ఒక చక్రం 21 రోజులు. మొదటి అయిదు రోజులూ సిస్‌ప్లాటిన్ రోజుకు ఒళ్లు చదరపు మీటరుకు 20 మిల్లీగ్రాములు, ఎటోపోసైడ్ 100 మిల్లీగ్రాములు. బ్లియోమైసిన్ 30 యూనిట్లు వారానికి ఒకసారి. పాకడం తక్కువ ఉన్నవాళ్లకు మూడు చక్రాలు, ఎక్కువ ఉన్నవాళ్లకు నాలుగు. తేదీలు జరపకూడదు. పండగ, పెళ్లి, పరీక్ష ఏది ఉన్నా 22వ రోజు 22వ రోజే. తెల్ల రక్తకణాలు కాస్త తక్కువ ఉన్నా డాక్టరు ముందుకు వెళ్తారు, మోతాదు తగ్గించరు. నయం కావడానికి ఆ క్రమమే ముఖ్యం.

సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలకు ప్రమాదం. అందుకే రోజూ లీటర్ల కొద్దీ సెలైన్, మెగ్నీషియం ఎక్కిస్తారు. ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా మూడు లీటర్లకు తగ్గకుండా నీళ్లు తాగండి. విశాఖ ఉక్కలో ఇంకా కాస్త ఎక్కువే. కీమో జరుగుతున్న కాలంలో డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు గానీ, జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు గానీ డాక్టరుకు చెప్పకుండా వేయించుకోవద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీలు చాలా తేలిగ్గా ఇచ్చేవి ఇవే, సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే మూత్రపిండాలు, చెవులు దెబ్బతింటాయి. పసరు మందులు, భస్మాలు కూడా ఆ కాలంలో వద్దు.

చెవిలో గుయ్‌మని శబ్దం, వేళ్ల కొసల్లో తిమ్మిరి వస్తే వెంటనే చెప్పాలి. ఉక్కు కర్మాగారంలో, షిప్‌యార్డులో పనిచేసేవాళ్లు చెవుల రక్షణ మానకూడదు. శీతాకాలంలో అరకు, లంబసింగి వెళ్తే వేళ్లు తెల్లబడి తిమ్మిరి పట్టవచ్చు. బ్లియోమైసిన్, సిస్‌ప్లాటిన్ వల్ల రక్తనాళాలు ముడుచుకోవడమే కారణం, చేతి తొడుగులు వాడండి.

జ్వరం మాత్రం వేరే విషయం. ఏడో రోజు నుంచి పధ్నాలుగో రోజు మధ్య తెల్ల కణాలు అట్టడుగుకు పోతాయి. ఇంట్లో థర్మామీటర్ ఉంచండి. 100.4 ఫారెన్‌హీట్ చూపించిందా, పారాసెటమాల్ వేసి పొద్దున చూద్దాం అనుకోకుండా, అర్ధరాత్రి అయినా కీమో ఇచ్చిన ఆసుపత్రికి వెళ్లి, "కీమోలో ఉన్నాను, జ్వరం వచ్చింది" అని మొదటి మాటలోనే చెప్పండి. ఏజెన్సీ మలేరియా, డెంగీ పరీక్షలు తరవాత చేసుకోవచ్చు. ముందు గంటలోపే యాంటీబయాటిక్ పడాలి.

వాంతులకు ఇప్పుడు మంచి మందులున్నాయి. ఓన్‌డాన్‌సెట్రాన్, డెక్సామెథాసోన్, అప్రెపిటెంట్ క్రమం తప్పకుండా వేసుకోండి, వాంతి వచ్చాక వేసుకోవడం కాదు. ఇడ్లీ, పెరుగన్నం, రాగి జావ, ఉడికించిన గుడ్లు, బాగా ఉడికిన చేపలు తినవచ్చు. బీచ్ రోడ్డు మీద మురీ మిక్స్చర్, పానీపూరీ, కోసిన పళ్ల ముక్కలు ఆ మూడు నెలలూ మానేయండి.

ఎక్కడికి వెళ్లాలి, ఖర్చు

అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ కేంద్రానికి చెందినది. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో యూరాలజీ, క్యాన్సర్ విభాగాలు ఉన్నాయి. ఎంవీపీ కాలనీలోని మహాత్మాగాంధీ క్యాన్సర్ ఆసుపత్రి, ఆరిలోవ హెల్త్ సిటీలోని ఆసుపత్రులు కూడా ఉన్నాయి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే అందరూ ఆరోగ్యశ్రీ అనేది, కింద క్యాన్సర్ చికిత్స ఉంది. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌కు వెళ్లాలి, ప్రశ్నలకు 104. ఈఎస్ఐ కార్మికులైతే క్యాన్సర్‌కు దీర్ఘకాల అనారోగ్య భత్యం గురించి అడగండి. శ్రీకాకుళం, పార్వతీపురం నుంచి వచ్చేవాళ్లు రైల్వే రాయితీ వదులుకోవద్దు: డాక్టర్ సంతకం ఉన్న నిర్దేశిత పత్రం చూపిస్తే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ ధర ఉండదు, తోడు వచ్చేవారికి 75 శాతం తగ్గింపు.

కీమో తరవాత పొట్ట వెనక గడ్డ మిగిలితే దాన్ని తీసే ఆపరేషన్ చాలా సున్నితమైనది. ప్రధాన రక్తనాళాల మీద చేసేది అది. ఈ ఒక్కదానికి తరచూ చేసే సర్జన్‌నే వెతకండి, హైదరాబాద్ గానీ ముంబై గానీ వెళ్లాల్సి వచ్చినా. వీర్యం బయటకు రావడానికి అవసరమైన నరాలను కాపాడతారా అని ముందే అడగాలి.

తరవాతి ఏళ్లు

మొదటి రెండేళ్లలోనే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే మొదటి ఏడాది రెండు మూడు నెలలకొకసారి గుర్తుల పరీక్ష, డాక్టర్ చెప్పిన నెలల్లో సీటీ. తరవాత దూరం పెంచి కనీసం అయిదేళ్లు. తేదీలు ఫోన్ క్యాలెండర్‌లో ఇప్పుడే పెట్టేయండి, ఒంట్లో బాగుంది కాబట్టి వదిలేసేవాళ్లే ఇక్కడ నష్టపోతారు. మిగిలిన వృషణాన్ని కూడా చేత్తో చూసుకుంటూ ఉండాలి, అందులోనూ రావచ్చు. నూటికి రెండు దాకా.

అలసట, కోరిక తగ్గడం, దిగులు తీరకుండా ఉంటే మగ హార్మోను టెస్టోస్టెరాన్ ఉదయం పూట చేయించండి. తక్కువ ఉంటే పిల్లలు కావాలనుకుంటున్న సంగతి చెప్పాకే వైద్యం మొదలుపెట్టాలి, బయటి టెస్టోస్టెరాన్ వీర్యకణాలను తగ్గిస్తుంది. దిగులు హార్మోను వల్ల కాకపోతే టెలి మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు. కీమో అయ్యాక సుమారు ఏడాది దాకా గర్భం రాకుండా జాగ్రత్త పడమంటారు. పెళ్లి సంబంధం కుదిరితే ముందే చెప్పండి. డాక్టర్ దగ్గరకు ఇద్దరూ వెళ్తే అపోహలు అక్కడే తీరిపోతాయి.

బ్లియోమైసిన్ వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే ముప్పు కొన్ని నెలలు ఉంటుంది. పొగ పూర్తిగా మానేయాలి. సింహాచలం మెట్లు ఎక్కేటప్పుడు ఇంతకుముందు లేని ఆయాసం, పొడి దగ్గు వస్తే చెప్పాలి. ఎప్పుడు ఏ ఆపరేషన్ అయినా మత్తు డాక్టరుకు "నాకు బ్లియోమైసిన్ ఇచ్చారు" అని తప్పకుండా చెప్పండి, ఆ మందు వాడినవాళ్లకు ఆక్సిజన్ ఎక్కువ ఇస్తే ఊపిరితిత్తులకు ఇబ్బంది రావచ్చు. ఈ మాట ఒక కార్డు మీద రాసి పర్సులో ఉంచుకోవడం మంచిది. రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్ చేయాలనుకుంటే, నౌకాదళంలో డైవింగ్ పని అయితే మరీ, ముందు ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకుని డాక్టర్ అనుమతి తీసుకోవాలి. ఈత, నడక, వ్యాయామానికి అడ్డేమీ లేదు. బీపీ, కొలెస్టరాల్ ఏడాదికి ఒకసారి చూపించుకోండి. ఈ మందులు వాడినవాళ్లకు తరవాతి ఏళ్లలో గుండెజబ్బు ముప్పు కొంచెం పెరుగుతుంది.

ఇంట్లో అన్నదమ్ములకు విషయం చెప్పి తడిమి చూసుకోమనండి. రేపు మీకు కొడుకు పుడితే ఆరు నెలలు నిండేసరికి రెండు వృషణాలూ సంచిలోకి దిగాయా అని చూడండి. దిగకపోతే పిల్లల సర్జన్‌కు చూపించి, ఏడాదిన్నర దాటకముందే సరిచేయించండి.